మకోవ్‌స్కీ ‘బోయార్ల పెళ్ళి విందు’ క్యాన్వాస్ ప్రింట్ రివ్యూ: హంస ఏదండీ?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రింట్ కంపెనీవాళ్ళు నాకు ఫ్రీగా పంపారు. రివ్యూ మాత్రం నాదే. సైజులు, రేట్లు వాళ్ళ పేజీలో చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

కాన్‌స్టాంటిన్ మకోవ్‌స్కీ 1883లో వేసిన బొమ్మ ఇది. 17వ శతాబ్దపు రష్యాలో బోయార్లు, అంటే పెద్ద జమీందారీ కుటుంబాలవాళ్ళు, చేసుకున్న పెళ్ళి విందు. అతిథులు కప్పులెత్తి కేకలు వేస్తున్నారు. వైన్ చేదుగా ఉందట, జంట ముద్దు పెట్టుకుంటేనే తీపి అవుతుందట! పెళ్ళికూతురు మాత్రం తల వంచుకుని నిలబడింది. తలమీద ముత్యాల కొకోష్నిక్, అంటే కిరీటంలాంటి రష్యన్ తల అలంకారం, వెనక నుంచి పెళ్ళిపెద్ద ఆవిడ బుజ్జగింపు. అప్పట్లో పెళ్ళి పెద్దలు కుదిర్చేవాళ్ళు. పెళ్ళయ్యేదాకా ఒకరినొకరు సరిగ్గా చూసుకోని జంటలు బోలెడు.

ఇప్పుడు వెనక చూడండి. పెద్ద పళ్ళెంలో కాల్చిన హంసను మోసుకొస్తున్నారు. విందులో ఆఖరి వంటకం అదే. అది వచ్చిందంటే జంట పడకగదికి వెళ్ళే వేళైనట్టే. ఆ అమ్మాయి టెన్షన్ అంతా అక్కడుంది! హంసను చూడకపోతే ఆమె ఉత్త సిగ్గుపడే పెళ్ళికూతురే. చూశాక ఆ వంచిన తల వేరేగా కనిపిస్తుంది.

నా కోపం కూడా అక్కడే. ఈ ప్రింట్‌లో నలుపు మరీ ఎక్కువైంది, హంస చీకట్లో కలిసిపోయింది. లైటు దగ్గర పెట్టి చూపిస్తా, చూడండి... మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. ముత్యాలు మాత్రం భలే వచ్చాయి, ఒక్కో గింజా విడిగా తెలుస్తోంది. మకోవ్‌స్కీ పాత నగలు, బట్టలు, వెండి సామాన్లు స్వయంగా సేకరించి, వాటిని చూస్తూ వేసేవాడు. అందుకే ఆ మెరుపు. ఇంతకుముందు నా దగ్గరున్న చిన్న పేపర్ ప్రింట్‌లో ముత్యాలు మసకే, కానీ హంస తెల్లగా కనిపించేది. నాకు అదే మేలు.

క్యాన్వాస్ మందం బాగుంది, ఫ్రేమ్ గట్టిగా ఉంది. అయినా కొనమని చెప్పలేను. హంస లేకుండా ఈ బొమ్మ గోడకెందుకండీ?

వాషింగ్టన్, వర్జీనియా వైపు ఉండే మనవాళ్ళు హిల్‌వుడ్ మ్యూజియంకి వెళ్ళండి. అసలు బొమ్మ అక్కడే ఉంది, దాదాపు 4 మీటర్ల వెడల్పు. ముందు హంసను చూసి, తర్వాత ఆ అమ్మాయి ముఖం చూడండి. ఏమనిపించిందో కామెంట్‌లో రాయండి.