తడి చెత్త మండదు

అధ్యక్షులవారికి, మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి గారికి, కాలనీ అమ్మలకు, అక్కలకు నమస్కారం. పిలిచింది మొక్కలు నాటడానికి. ఆ మాట నా తర్వాతివాళ్లు చెబుతారు. బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి, నన్ను చెత్త గురించి మాట్లాడనివ్వండి.

మన చెత్త హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చేరుతుంది. అక్కడ 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది, తర్వాత 24 మెగావాట్లకు పెంచారు. అప్పటినుంచి 'ఇంకేం సార్, అంతా కలిపి పారేసినా కరెంటే కదా' అంటున్నారు. కాదండీ!

ఢిల్లీలో తిమార్‌పూర్ అని ఉంది. 1987లో డెన్మార్క్ టెక్నాలజీతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. మూడు వారాలు నడిచి ఆగిపోయింది. యంత్రం మంచిదే. దానికి పెట్టిన మేత మంచిది కాదు. అరటి తొక్కలు, మిగిలిన అన్నం, ఊడ్చిన మట్టి. అవి పొయ్యిలో పడితే చాలా వేడి వాటిలోని నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. ఇక టర్బైను తిప్పే ఆవిరి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పటి ప్లాంట్లలో కాల్చేముందు చెత్తను గుంతలో కొన్ని రోజులు ఉంచి నీరు ఓడుస్తారు. అయినా తడి తడే. మంట వేడి 850 డిగ్రీలకన్నా తగ్గితే డయాక్సిన్ల వంటి విషాలు పొగలో కలిసే ప్రమాదం ఎక్కువ. ఆ పొగ మన బాల్కనీలకు రాదు, జవహర్‌నగర్ పిల్లలు పీలుస్తారు. వాళ్ల బోర్ల నీళ్లు మన చెత్తనుంచి కారిన రసంతో ఎప్పుడో పాడయ్యాయి. అక్కడివాళ్లతో ఒక్కసారి మాట్లాడి రండి, దయచేసి.

ఇంట్లో రెండు డబ్బాలున్నవాళ్లు చేతులెత్తండి. ఇంతమందే? 2016లో కేంద్రం చెత్త నిబంధనలు తెచ్చి ఇన్నేళ్లయింది, తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరు చేయాలని వాటిలో అప్పుడే రాశారు.

వేరు చేసి ఇచ్చినవాళ్ల కడుపుమంట కూడా చెబుతాను. మా వీధిలో రెండు డబ్బాలూ ఆటోలో ఒకేచోట కుమ్మరిస్తున్నారు. అడిగితే ఆ అబ్బాయి 'ముందుకెళ్తే ఎలాగూ కలిసిపోతాయి సార్' అన్నాడు. అతణ్ణి ఏమనగలం? చేతికి గ్లౌజులు కూడా లేవు.

తడి చెత్త ఎరువుకో గ్యాసుకో పోవాలి. మళ్లీ వాడగలిగే ప్లాస్టిక్, అట్టలు అమ్ముడుపోవాలి. ఎందుకూ పనికిరాని పొడి చెత్తే పొయ్యికి పోవాలి.

అధికారి గారూ, మా ఆటోకు మధ్యలో అడ్డుపలక బిగించండి, తడికి వేరే కంటైనర్ పెట్టించండి, ఆ పిల్లాడికి గ్లౌజులివ్వండి. ఎప్పటికల్లా చేస్తారో తేదీ ఇప్పుడే, ఈ మైకులోనే చెప్పండి.