నీ శక్తి పోయిందని నీకు చెప్పాలా?

అందరికీ నమస్కారం. మాఫియా, వేర్‌వుల్ఫ్ లాంటి ఆటలు మీలో చాలామంది ఆడే ఉంటారు, ఊళ్లో మంచివాళ్లలా నటించే చెడ్డవాళ్లను కనిపెట్టే ఆటలు. వాటిలో ఒక్క విషయం గురించే మాట్లాడతాను: ఒకరి పాత్రకున్న శక్తి పనిచేయకుండా ఇంకొకరు అడ్డుపడటం.

మన రాజు-రాణి చీటీలాటలో పోలీసుని ఎవరూ ఆపరు. దొంగను పట్టుకునే అవకాశం వాడికి ప్రతిసారీ ఉంటుంది. 1986లో దిమిత్రీ దవీదోవ్ మాస్కోలో తయారుచేసిన మాఫియా కూడా అంత సాదా ఆటే. డిటెక్టివ్‌లు, డాక్టర్లు లాంటి శక్తులున్న పాత్రలు తర్వాత చేరారు. వాళ్లతో పాటే వాళ్లకు అడ్డుపడేవాళ్లూ వచ్చారు.

2014 నాటి టౌన్ ఆఫ్ సేలం అనే కంప్యూటర్ ఆటలో ఎస్కార్ట్ అనే పాత్ర ఎవరి దగ్గరికి వెళ్తే, ఆ రాత్రికి వాళ్ల పని సాధారణంగా ఆగిపోతుంది. ఆగిపోయిందని వాళ్లకు మెసేజ్ కూడా వస్తుంది. తెల్లారగానే 'నన్ను ఆపేశారు' అని చెప్పుకోవచ్చు, అదే ఒక ఆధారమవుతుంది. చిరాకు పుట్టించే అడ్డంకే కానీ, ఇందులో మోసం లేదు.

స్టీవెన్ మెడ్‌వే రూపొందించిన బ్లడ్ ఆన్ ది క్లాక్‌టవర్ అనే ఆట ఇక్కడే మెలిక పెట్టింది. అందులో చెడ్డవాళ్ల పక్షాన ఉండే పాయిజనర్ రాత్రికి ఒకరికి విషం పెడతాడు. ఆ మనిషి శక్తి ఆ రాత్రి, మర్నాడు పగలు పనిచేయదు. కానీ ఆ సంగతి ఆ మనిషికి ఎవరూ చెప్పరు. ఆట నడిపే స్టోరీటెల్లర్ ఏమీ ఎరగనట్టే ఉంటాడు.

ఎంపత్ పాత్రనే తీసుకోండి. బతికున్న ఇరుగుపొరుగు ఇద్దరిలో చెడ్డవాళ్లు ఎంతమందో ఆమెకు రోజూ రాత్రి తెలుస్తుంది. కుడిపక్కన డీమన్, అంటే ఊరు చంపాల్సిన అసలు చెడ్డవాడు కూర్చున్నాడు, ఎడమపక్కన మంచివాడు. నిజానికి స్టోరీటెల్లర్ ఆమెకు ఒక వేలు చూపించాలి. ఆమెకు విషం ఎక్కింది కాబట్టి స్టోరీటెల్లర్ సున్నా చూపించాడు. ఇక ఊళ్లోకెల్లా నిజాయితీ ఉన్న మనిషే డీమన్ మంచివాడని ఒట్టేసి మరీ చెబుతుంది! అదే రెండు వేళ్లు చూపించి ఉంటే ఊరు ఇద్దరినీ అనుమానించేది, ఎవరో ఒకరు డీమన్‌ను ఉరి తీయించేవాళ్లు. అప్పుడు ఆ విషం పాయిజనర్‌కే ఎదురు తిరిగేది. అందుకే ఏ అబద్ధం చెప్పాలన్నది స్టోరీటెల్లర్ ఆలోచించి తేల్చుకోవాలి. నా లెక్కలో ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. నోటికొచ్చిన అంకె చూపించే స్టోరీటెల్లర్ దగ్గర ఆడటం కంటే ఇంట్లో పడుకోవడం నయం.

స్లేయర్ అనే పాత్రది ఇంకా ఘోరం. ఆటలో ఒక్కసారే డీమన్‌ను కొట్టగలడు. విషం ఎక్కిన రోజు గురి చూసి డీమన్‌నే కొట్టినా ఏమీ కాదు. ఛాన్స్ పోయింది, పైగా డీమన్‌కి మంచివాడన్న పేరొచ్చింది.

అబద్ధాలకోర్లకు ఇదంతా పండగే. చెప్పింది తప్పని తేలగానే 'నాకు విషం పెట్టారేమో' అని తప్పించుకుంటారు.

మరి ఊరు ఎలా గెలుస్తుంది? అనుమానానికి హద్దు ఉంది కాబట్టి. ఈ ఆటలో ట్రబుల్ బ్రూయింగ్ అనే పాత్రల జాబితాలో పాయిజనర్ విషం ఏ సమయంలోనైనా ఒక్కరి మీదే ఉంటుంది. పాయిజనర్ చస్తే అదీ దిగిపోతుంది. లేని శక్తి తనకు ఉందనుకుంటూనే ఆడే డ్రంక్ అనే పాత్ర కూడా తప్పు చెప్పొచ్చు, కానీ అతను అవుట్‌సైడర్ల కోవలోకి, అంటే మంచివాళ్లే అయినా ఊరికి ఇబ్బంది తెచ్చే పాత్రల్లోకి వస్తాడు. ఏడుగురు ఆడితే మామూలుగా అవుట్‌సైడర్లే ఉండరు, బేరన్ అనే చెడ్డ పాత్ర ఉంటే ఇద్దరు వస్తారు. ఈ లెక్క బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. మీరు సొంతంగా ఆట తయారుచేస్తుంటే, విషం సంగతి దాచండి కానీ అది ఎంతమందికి ఎక్కగలదో మాత్రం ముందే చెప్పేయండి.