అంతోనివారి పండుగకు ట్రాక్టరు మీద తేరు కట్టడం ఎలా?

అందరికీ వందనాలండి. జూన్ 13 వచ్చేస్తోంది, పాదువాపురి పునీత అంతోనివారి (సెయింట్ ఆంథోనీ) పండుగ. చిత్తూరు, తిరుపతి వైపు చిన్న విచారణల్లో, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి సంఘాల్లో, తేరు ఎలా కడతారో ఈ వీడియోలో చూపిస్తాను. పెద్ద పుణ్యక్షేత్రాల్లో చెక్క తేరు, లాగేవాళ్ళు, పక్కన బ్యాండు, అన్నీ ఉంటాయి. మన దగ్గరుండేది ఒక ట్రాక్టరు ట్రాలీ, నాలుగు సరుగుడు కొయ్యలు, గుళ్ళో యూత్ పిల్లలు. అంతే చాలు.

ముందు తేదీలు. నవదిన ప్రార్థనలు 4న మొదలైతే 12కి తొమ్మిది రోజులూ పూర్తవుతాయి. 4వ తేదీ సాయంత్రమే జెండా ఎక్కించేయండి. మన రాష్ట్రంలో బళ్ళు మామూలుగా 12న తెరుస్తారు కాబట్టి దేవదూతల వేషాలు, పాటల ప్రాక్టీసు ఆలోపే అయిపోవాలి. మేత్రాణులను (బిషప్ గారిని) పిలవాలనుకుంటే మాత్రం ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలోనే ఫాదర్ గారితో కడపకు ఉత్తరం రాయించండి. చిత్తూరైనా తిరుపతైనా మనది కడప మేత్రాసనమే, అంటే అక్కడి బిషప్ గారి పరిధే కదా.

ఊరేగింపుకు, మైకుకు పోలీస్ స్టేషన్లో అర్జీ ఇవ్వాలి. ఏ వీధిలో మొదలై ఏ వీధిలో తిరుగుతుందో కాగితం మీద గీసి దాంతో జతచేయండి. రాత్రి 10 తర్వాత మైకు వాడకూడదు. అందుకే సాయంత్రం పూజ తొందరగా పెట్టుకుని, తేరు తొమ్మిదిన్నరకల్లా గుడికి తిరిగొచ్చేలా చూసుకోండి. తిరుపతి వాళ్ళకు ఒక మాట: బస్టాండు, కొండకు పోయే దారుల జోలికి వెళ్ళొద్దు. యాత్రికుల బండ్ల మధ్య తేరు ఇరుక్కుంటే ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ఇప్పుడు ట్రాలీ దగ్గరికి రండి. కడిగి ఆరబెట్టాం. మధ్యలో బరువైన బల్ల వేసి, దాని నాలుగు కాళ్ళనూ ట్రాలీ ఇనుప కొక్కేలకు తాడుతో కట్టాం. నాలుగు మూలలా సరుగుడు కొయ్యలు, స్వరూపం (అంతోనివారి విగ్రహం) వెనకాల ఇంకో కొయ్య. ఈ వెనక కొయ్యను గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

ఎత్తు సంగతి. నేల నుంచి తోరణం కొస దాకా టేపుతో కొలిచి, ఆ కొలత మీ లైన్‌మన్‌కు చెప్పండి. ఆయన్ను వెంటబెట్టుకుని వీధులన్నీ పగలే తిరిగి రండి. తీగ కిందికి ఉన్నచోట దారి మార్చండి, లేదా తోరణం తగ్గించండి. తేరు పోయేసేపు కరెంటు తీయించడం గురించి కూడా ఆయన్నే అడగండి. కర్రతో తీగ ఎత్తి తేరు దాటిద్దాం అనే మొనగాడు ప్రతి ఊర్లో ఒకడుంటాడు. అతనికి ఆ రోజు బన్నులు పంచే పని అప్పజెప్పండి.

(స్వరూపం నడుము దగ్గరికి కెమెరా)

ఇది బాగా చూడండి. అంతోనివారు ఫ్రాన్సిస్ వారి సభ సన్యాసి కాబట్టి నడుముకు మూడు ముడుల తాడు ఉంటుంది. స్వరూపాన్ని కట్టడానికి అదే సరైన చోటు. తెల్ల నూలు తాడును సరిగ్గా ఆ తాడు మీదుగా రెండు చుట్లు తిప్పి, వెనక కొయ్యకు బిగించండి. ముందు నుంచి చూస్తే కట్టినట్టే తెలియదు. తాడుకూ స్వరూపానికీ మధ్య మెత్తటి గుడ్డ పెట్టండి, రంగు లేచిపోదు. పీఠం చుట్టూ ఇసుక మూటలు పెట్టి పైన పట్టు గుడ్డ కప్పండి. అయ్యాక నలుగురు కలిసి ట్రాలీని ముందుకూ వెనక్కూ ఊపండి. స్వరూపం కదిలితే మళ్ళీ కట్టాల్సిందే.

బలహీనమైన చోట్లు రెండు: బాలయేసు చెయ్యి, అంతోనివారి చేతిలోని లిల్లీ కాడ. వీటికి ఏదీ తగిలించొద్దు. పెద్ద గజమాల తెస్తారు చూడండి, దాని బరువు మెడ మీద పడకుండా వెనక కొయ్యకే కట్టి, ముందుకు మెడలో వేసినట్టు వేలాడదీయండి.

పూలకు వస్తే, బంతి బరువు కాబట్టి కింద అంచుకు. చామంతి కొయ్యలకు. స్వరూపం చుట్టూ మన పూల అంగట్లో లిల్లీ అని అమ్ముతారే, అవి. మామిడాకు తోరణాలకు మన జిల్లాలో, అదీ జూన్లో, కొదవేముంది? మల్లెపూలు మాత్రం చివర్న, పూజ మొదలయ్యే ముందు కట్టండి, ఎండకు వాడిపోతాయి. ఈ నెలలో సాయంత్రం గాలివాన వస్తుంది, ఒక టార్పాలిన్ పట్టా మడిచి బల్ల కింద ఉంచండి.

సీరియల్ లైట్లకు జనరేటర్ వెనక వేరే బండిలో రావాలి, స్వరూపమున్న ట్రాలీలో వద్దు. తేరు మీద కొవ్వొత్తులు అసలే వద్దు. గుడ్డ, ఎండిన ఆకు, గాలి, మూడూ అక్కడే ఉంటాయి. నడిచేవాళ్ళు పట్టుకుంటారు, పేపర్ కప్పుకు కన్నం చేసి అందులో దూర్చి ఇవ్వండి.

బన్నులు ముందుగానే బేకరీలో చెప్పుంచండి. అంతోనివారి రొట్టె అని ఎందుకంటామో పిల్లలకు చెప్పాలి. పాదువాలో గుడి కడుతున్నప్పుడు ఒక తల్లి బిడ్డ నీళ్ళలో పడి చనిపోయాడట. బిడ్డ బతికితే వాడి ఎత్తు ధాన్యం పేదలకిస్తానని ఆమె అంతోనివారికి మొక్కుకుందట, బిడ్డ లేచాడట. తిరుమలలో తులాభారం చూసినవాళ్ళకు వేరే వివరించక్కర్లేదు. పూజలో ఫాదర్ గారు ఆశీర్వదించాక బన్నులు మొదట వీధి చివరి ఇళ్ళకు పంపండి. గుడి ముందున్నవాళ్ళకు ఎలాగూ అందుతాయి.

ఊరేగింపులో ముందు సిలువ, తర్వాత పిల్లలు, జపమాల చెప్పేవాళ్ళు, గాయక బృందం, ఆ వెనక తేరు. ట్రాక్టరు మొదటి గేరులోనే పోవాలి. చక్రానికి ఒకరు చెక్క ముక్కతో పక్కనే నడవాలి, తేరు ఆగగానే కింద పెట్టాలి.

తేరు ఆగిన ప్రతిచోటా మైకులో చందాల పేర్లు చదవడం మన ఊళ్ళ అలవాటు. నాకది నచ్చదు. గేటు దగ్గర చేతులు జోడించి నిలబడే ముసలమ్మకు ఎవరు ఎంతిచ్చారో ఎందుకండీ? ఆ నిమిషంలో అంతోనివారి గురించి రెండు ముక్కలు చెప్పండి. లిస్బన్‌లో పుట్టారు, 1231 జూన్ 13న కన్నుమూశారు, ఏడాది తిరక్కముందే 1232లో పునీతుల పట్టం ఇచ్చారు. 1263లో సమాధి తెరిస్తే ఆయన నాలుక చెడకుండా ఉందని చెబుతారు, అంత గొప్ప ప్రసంగీకుడు. ఒక్కో ఆగింపుకు ఒక్కో ముక్క సరిపోతుంది. మన వీధిలో హిందూ అక్కలు కూడా మంగళవారం ప్రార్థనకు వస్తారు, వాళ్ళు వినాలనుకునేది ఇదే.

చందాల పేర్లు, ఖర్చులు రెండూ కలిపి తర్వాతి ఆదివారం గుడి నోటీసు బోర్డు మీద పెట్టేయండి. మిగిలిన డబ్బు దేనికి వాడతారో కూడా కిందే రాయండి. తాడు ముడి వేసే విధానం మళ్ళీ చూడాలంటే వీడియో వెనక్కి జరపండి. మీ విచారణలో తేరు ఎలా కడతారో కామెంట్లో పెట్టండి.