అట్ట మీద పేరు నమ్మకండి

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అంతకంటే పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే చాలవు. శాలువా వద్దన్నాను, కార్యదర్శి గారు వినలేదు. కడపలో శాలువా కప్పుకుని మాట్లాడటం కూడా హాస్యం కిందికే వస్తుందని సర్దుకుంటున్నాను.

ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి గురించి మాట్లాడమన్నారు. ఆయన 2013 డిసెంబరు 7న పోయారు. సినిమాల్లో ఆయన వేసిన లెక్చరరు వేషం గురించి మీకు చెప్పక్కర్లేదు, ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటుంది. నేను వెతుకుతున్నది అంతకు ముందటి మనిషిని. ప్రజానాట్యమండలిలో పనిచేసి, దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ' హాస్య ధారావాహికతో మన ఇళ్లలోకి వచ్చిన మనిషిని. ముఖంలో నవ్వన్నది కనబడనిచ్చేవారు కాదు. ఒక్కో మాటా సాగదీసి, తీరిగ్గా వదిలేవారు. ఇవాళ 'ఆనందో బ్రహ్మ' అని కొట్టి ఫోన్లో వెతకండి. 2017లో వచ్చిన దయ్యాల సినిమా ముందుకొస్తుంది!

ఇందాక గేటు దగ్గర ఒకాయన అడిగారు, "ఆయనది ప్రకాశం జిల్లా గదా, మనకెందుకన్నా?" అని. సరే, మన జిల్లా మనిషినే తీసుకుందాం. పద్మనాభం గారు, సింహాద్రిపురం. 1931లో పుట్టి 2010లో పోయారు. బాలసుబ్రహ్మణ్యం గారి చేత సినిమాలో మొదటి పాట పాడించింది ఆయనే. ఆ కథ ఎత్తుకుంటే ఈ పూట ఎవరమూ ఇంటికి పోం. పద్మనాభం గారి హాస్యం మిగిలిందంటే అది ఫిల్ము మీద ఉంది, ప్రింట్లు ఊరూరా తిరిగాయి. టీవీకి ఆ యోగం లేదు. టేపు ఖరీదైన రోజుల్లో, ఒకటి చెరిపి దాని మీదే ఇంకోటి రికార్డు చేసుకోవడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. లండన్‌లో బీబీసీ వాళ్లూ అంతే. 1969 నాటి వాళ్ల హాస్య ధారావాహిక 'డాడ్స్ ఆర్మీ'లో ఐదు భాగాలు పోగొట్టుకున్నారు. 2001లో వాటిలో రెండు దొరికాయి. ఎక్కడ? బయటి మనిషి దగ్గర!

అందుకే మీ ముందుకొచ్చాను. ఈ ఊళ్లో టీవీలు, వీసీఆర్‌లు బాగుచేసి బతికినవాణ్ని. నా దగ్గర ఒక మూడు గంటల క్యాసెట్ నిండా 'ఆనందో బ్రహ్మ' ఉండేది. క్యాసెట్ వీపు మీద ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని విరిచేస్తే మళ్లీ రికార్డు కాదు. విరిచే పెట్టాను. 1996 మార్చి 9న బెంగళూరులో పాకిస్తాన్‌తో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. మా బామ్మర్ది ఆ కంతకు గమ్‌టేపు అంటించి, పాకిస్తాన్ బ్యాటింగ్ మొత్తం రికార్డు చేశాడు. అరే, నా అంగట్లో ఖాళీ క్యాసెట్లే దొరకలేదా నీకు? వెంకటేశ్ ప్రసాద్ ఆమిర్ సొహైల్ వికెట్ ఎగరగొట్టాడు, నిజమే. నా ధర్మవరపు గారినీ దాంతోపాటే ఎగరగొట్టాడు.

ఐతే ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఆపుతూ రికార్డు చేశాడు కాబట్టి చివర్లో కాస్త టేపు మిగిలింది. మ్యాచ్ అయిపోయి, గీతలు గీతలుగా వచ్చి, ధర్మవరపు గారు ప్రత్యక్షం! ఎదుటివాడి మాట మొత్తం విన్నారు. వాణ్ని పైనుంచి కిందికి ఒకసారి చూశారు. నోరు విప్పబోయారు. టేపు అయిపోయింది.

అమ్మా, అయ్యా, ఆ జవాబేమిటో ఇక్కడ ఎవరికన్నా గుర్తుందా? ఎవరూ చెయ్యెత్తడం లేదు. చూశారా మరి!

కార్యదర్శి గారు బెల్లు మీద చెయ్యి పెట్టారు. సార్, ఇంకొక్క మాట. మీ అటకల మీద క్యాసెట్లున్నాయి. 'శీను పెళ్లి', 'అమ్మాయి ఓణీల ఫంక్షన్' అని రాసి ఉంటాయి. అట్ట మీద పేరు నమ్మకండి. పెళ్లి అయిపోయాక ఏముందో చూడాలి, టేపు కొస దాకా చూడాలి. ఐతే ఇంట్లో పాత వీసీఆర్ ఉంది గదా అని మాత్రం మీరే పెట్టేయకండి. టేపు చుట్ట అంచున తెల్లగా బూజు కనిపిస్తే అసలు పెట్టొద్దు, అది హెడ్డుకు అంటుకుని టేపునే నమిలేస్తుంది. మిషన్లూ ఇక కొత్తవి రావు. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ ఒక్కటే చివరిదాకా తయారుచేసి, 2016లో అదీ మానేసింది. నా దగ్గరున్నవి సామాను పీకి ఇంకోదానికి వేస్తూ నడిపిస్తున్నాను.

నా దగ్గరికి తెండి, చూసి క్యాసెట్ మీకే తిరిగిస్తాను. పైసా తీసుకోను. మీ పెళ్లి వీడియో కూడా పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తాను, చూసి నవ్వను. గుమ్మం పక్కన బల్ల దగ్గర మా బామ్మర్ది నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. పోతూ పోతూ ఫోన్ నంబరు, మీ దగ్గర ఏమున్నాయో రాయించి పోండి. మ్యాచ్ గురించి మాత్రం ఆయన్ని కదిలించకండి, మొదలుపెడితే ఆపడు.