ఒక్క నక్షత్రాన్ని పట్టుకోండి

అందరికీ నమస్కారం.

ఇలాంటి సభలు అయ్యాక విద్యార్థులు నా దగ్గరికి వచ్చి అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. "సార్, ఖగోళశాస్త్రంలో రీసెర్చ్ చేయాలంటే ముందు ఎక్కడ సీటు తెచ్చుకోవాలి?" సీటు కోసం తప్పకుండా ప్రయత్నించండి. కానీ అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఇంటర్నెట్ ఉంటే ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. ఎందుకో వివరంగా చెబుతాను.

2018 ఏప్రిల్‌లో నాసా టెస్ అనే అంతరిక్ష టెలిస్కోపును పంపింది. ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని ఒక్కో భాగాన్ని సుమారు 27 రోజులు అది వదలకుండా చూస్తుంది. చూస్తూ చేసే పని ఒకటే, నక్షత్రాల వెలుగును కొలవడం. ఒక నక్షత్రానికి, మనకూ మధ్యగా దాని గ్రహం దాటిందనుకోండి, వెలుగు కాస్త తగ్గి మళ్లీ మామూలవుతుంది. దీన్నే ట్రాన్సిట్ అంటాం. కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో గీసిన గ్రాఫ్ పేరు లైట్ కర్వ్. అందులో ట్రాన్సిట్ ఒక చిన్న పల్లంలా కనిపిస్తుంది. ఆ పల్లం లోతు గ్రహం, నక్షత్రాల వైశాల్యాల నిష్పత్తి. వెలుగు నూటికి ఒక వంతు తగ్గితే, గ్రహం వ్యాసార్ధం నక్షత్రం వ్యాసార్ధంలో పదో వంతు. అంటే సూర్యుడి ముందు గురుగ్రహం దాటినట్టు. అదే భూమి దాటితే తగ్గేది పదివేలలో ఒక వంతు కన్నా తక్కువ. ఈ లెక్కకు స్కూల్లో నేర్చుకున్న గణితం చాలు.

టెస్ కొలిచిన డేటా మాస్ట్ అనే ఆర్కైవ్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తెరిచి గ్రాఫ్ గీయడానికి పైథాన్‌లో లైట్‌కర్వ్ అనే పేరుతోనే ఒక ప్యాకేజీ ఉంది. పది పన్నెండు లైన్ల కోడ్ రాస్తే మొదటి గ్రాఫ్ వచ్చేస్తుంది. పెద్ద యూనివర్సిటీలో కూర్చున్న శాస్త్రవేత్త చూసేదీ ఈ డేటానే.

2019 వేసవిలో 17 ఏళ్ల హైస్కూల్ విద్యార్థి ఒకరు నాసాలో ఇంటర్న్‌షిప్‌కు చేరారు. స్వచ్ఛంద కార్యకర్తలు "ఇది జంట నక్షత్రం" అని గుర్తుపెట్టిన లైట్ కర్వులను మళ్లీ పరిశీలించడం ఆయన పని. మూడో రోజున టీఓఐ 1338 అనే జంటలో ఒక పల్లం మీద ఆయన దృష్టి నిలిచింది. ఒక తార మరో తారను కప్పినట్టే ఉంది కానీ, వేళ కుదరలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ రెండు తారల చుట్టూ తిరుగుతున్న గ్రహం అది. భూమికి దాదాపు 7 రెట్లు వెడల్పు, మన నుంచి సుమారు 1300 కాంతి సంవత్సరాల దూరం. టెస్ కనిపెట్టిన గ్రహాల్లో రెండు సూర్యుళ్లున్న మొదటి గ్రహం ఇదే. ఇందులో అదృష్టం లేదనను. కానీ వేళ కుదరలేదని గమనించడం మాత్రం అదృష్టం కాదు.

పల్లం కనిపించగానే గ్రహం దొరికినట్టు కాదు. నేను మొదటిసారి ఒక లైట్ కర్వ్‌లో చక్కటి పల్లాలు చూసిన రోజు రాత్రంతా నిద్రపోలేదు. రెండు వారాల తర్వాత ఎవరో చెబితే, ఒకటి విడిచి ఒకటి కొలిచి చూశాను. సరి సంఖ్య పల్లాలు కొంచెం లోతుగా, బేసి సంఖ్యవి కొంచెం పైకి ఉన్నాయి. గ్రహమైతే అన్నీ ఒకే లోతులో ఉండాలి. అవి ఒకదాన్నొకటి కప్పుకుంటున్న రెండు నక్షత్రాలు. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, పరిశోధన అంటే ఏమిటో నాకు నేర్పింది ఆ రెండు వారాలే.

ఇంకో చిక్కు ఉంది. టెస్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్ సెకన్ల మేర చూస్తుంది. ఆర్క్ సెకన్ అంటే ఒక డిగ్రీలో 3600వ వంతు. ఆ గడిలో పొరుగు నక్షత్రాల వెలుగు కూడా కలిసిపోతుంది. పల్లం ఎవరిదో తెలియదు. అందుకే నక్షత్రాల స్థానాలను కొలిచిన గయా ఉపగ్రహం ఇచ్చిన పట్టిక తెరిచి, మీ నక్షత్రం పక్కన ఎవరెవరున్నారో చూడాలి. దాదాపు 180 కోట్ల నక్షత్రాల వివరాలున్న పట్టిక అది, ఉచితమే. నా దగ్గరికి వచ్చే విద్యార్థులను "ఇది గ్రహమని నిరూపించు" అని ఎప్పుడూ అడగను. గ్రహం కాదని నిరూపించడానికి వారం రోజులు గట్టిగా ప్రయత్నించమంటాను.

కొత్తవి కనిపెట్టడం ఒక్కటే పరిశోధన అనుకోకండి. ఒక గ్రహం నాలుగు రోజులకొకసారి తన నక్షత్రాన్ని చుట్టి వస్తుందనుకుందాం. ఆ కాలం విలువలో మనకు 10 సెకన్ల తప్పుంది. ఏడాదికి 91 చుట్లు, అంటే పావుగంట తేడా. ఐదేళ్లకు తేడా గంటా పదిహేను నిమిషాలు దాటుతుంది. జేమ్స్ వెబ్ లాంటి టెలిస్కోపును తప్పు వేళకు అటు తిప్పితే ఎంత నష్టమో ఆలోచించండి. ఈ వేళలను మళ్లీ మళ్లీ కొలిచి సరిచేసే పని 15 సెంటీమీటర్ల టెలిస్కోపుతో కూడా అవుతుంది. నాసా ఎక్సోప్లానెట్ వాచ్ అనే కార్యక్రమం పెట్టింది ఇందుకే. టెలిస్కోపు లేనివాళ్లకు డేటా కూడా వాళ్లే ఇస్తారు. చిన్న పరికరమని చులకన వద్దు. 1999లో మొదటిసారి ఒక సౌరేతర గ్రహం, అంటే మన సూర్యుడిది కాని గ్రహం, ట్రాన్సిట్‌ను పట్టుకున్న రెండు బృందాల్లో ఒకటి వాడిన టెలిస్కోపు వెడల్పు 10 సెంటీమీటర్లే, దాని వెనక ఉన్నదీ ఒక పరిశోధక విద్యార్థే.

నక్షత్రాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు చరకాంతి తారలు, అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రాలు, ఉన్నాయి. వీటిని గమనించేవాళ్ల కోసం 1911లో మొదలైన ఏఏవీఎస్ఓ సంస్థకు ఎవరైనా కొలతలు పంపవచ్చు. 2019 చివర్లో ఆర్ద్రా నక్షత్రం ఎన్నడూ లేనంతగా మసకబారినప్పుడు, ప్రపంచమంతటా మామూలు పరిశీలకులు రాత్రుల తరబడి కొలిచారు. నెలల పాటు ఒకే నక్షత్రాన్ని చూస్తూ కూర్చునే తీరిక పెద్ద టెలిస్కోపులకు ఉండదు. మీకు ఉంటుంది.

ఖగోళ శాస్త్రవేత్త సిసీలియా పేన్ గురించి చెప్పకుండా ఉండలేను. మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణాన్ని వాడి, 25 ఏళ్ల వయసులో, 1925 నాటి తన థీసిస్‌లో ఆమె నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజన్, హీలియం అని లెక్కతేల్చారు. అప్పటి పెద్దాయన హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నారు. దాంతో ఆ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమే థీసిస్‌లో రాయాల్సి వచ్చింది. నాలుగేళ్లకు వేరే దారిలో రసెల్ కూడా అక్కడికే వచ్చారు. అందుకే చెబుతున్నాను, పెద్దవాళ్లు కాదన్నప్పుడు మీ లెక్క మళ్లీ చేయండి. అది నిలబడితే కొట్టేయకండి.

ఇంటర్న్‌షిప్‌ల సంగతి. అబ్జర్వేటరీలు, యూనివర్సిటీలు వేసవిలో విద్యార్థులను తీసుకుంటాయి. మెయిల్ రాసేటప్పుడు "చిన్నప్పటి నుంచి ఆకాశమంటే ఇష్టం" అని పేజీ నింపకండి. మీరు గీసిన ఒక గ్రాఫ్, ఏం చేశారో మూడు వాక్యాలు, ఎక్కడ ఆగిపోయారో ఒక ప్రశ్న. అంతే పంపండి. ఆ ప్రశ్నకే జవాబు వస్తుంది. డబ్బు కడితే రీసెర్చ్ పేపర్ వేయిస్తామనే వాళ్లకు మాత్రం దూరంగా ఉండండి.

ఈ రాత్రికి ఒక పని ఇస్తాను. వాస్ప్-18 అనే నక్షత్రం టెస్ డేటాలో ఒక్క భాగం దించుకోండి. దాని గ్రహం సుమారు 22 గంటల 36 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. 27 రోజుల్లో ఎన్ని పల్లాలు రావాలో ముందు కాగితం మీద వేయండి, 28 దాకా వస్తాయి. తర్వాత గ్రాఫ్‌లో లెక్కపెట్టండి. తక్కువే కనిపిస్తాయి. మిగతావి ఎక్కడికి పోయాయో కనుక్కుని వచ్చి నాకు చెప్పండి.