వకాల్తా మీద సంతకం పెట్టే ముందు

(ఒక మండల కేంద్రంలో జరిగిన న్యాయ విజ్ఞాన సదస్సులో న్యాయవాది ప్రసంగం)

పెద్దలకు, అమ్మలకు నమస్కారం. ఎండన పడి వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. చాలా ఏళ్లుగా నల్లకోటు తొడుక్కుంటున్నవాణ్ణే అయినా, ఇవాళ చెప్పే మాటలకు మావాళ్లలో కొందరికి కోపం రావచ్చు.

మొన్నామధ్య ఒక పెద్దావిడ మా ఆఫీసుకొచ్చింది. చేతిలో బట్టల కొట్టు కవరు. అందులో పాసుపుస్తకం, మూడు జిరాక్సులు, మడతల దగ్గర చిరిగిన సమన్ల కాగితం. కేసు నంబరు ఎంతమ్మా అంటే, "అది మా వకీలుగారికే తెలుసు బాబూ" అంది. పేరు కొట్టి వెతికితే ఏడు నెలల కిందటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆవిడ తరఫువాళ్లు రాలేదని ఆవిడ వాదన వినకుండానే ఇచ్చే తీర్పు, అయిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా "వాయిదా పడిందమ్మా" అనేవారట!

తప్పు ఎవరిదో చెప్పక్కర్లేదు. కానీ ఆ డిక్రీ రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే. అది దాటితే, ఆలస్యం ఎందుకైందో కోర్టును ఒప్పించాలి. వకీలు చేసిన తప్పుకు పార్టీ, అంటే కేసున్న మనిషి, నష్టపోకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు అంది. అలాగని ధీమాగా కూర్చోకండి. నేరం వకీలు మీదకు నెట్టేసి ఎప్పుడు పడితే అప్పుడు చేతులు దులుపుకోవడం కుదరదని 1993లో సలీల్ దత్తా కేసులో అదే కోర్టు చెప్పింది. అక్కడ పార్టీ చదువుకున్న వ్యాపారస్తుల కంపెనీ లెండి.

వకాల్తా అంటే మీ తరఫున మాట్లాడమని ఇచ్చే అధికారం. అంతేగానీ కేసు రాసిచ్చేయడం కాదు. ఖాళీ ఫారం మీద వేలిముద్ర వేయకండి, చదివించుకోండి. మీ స్పష్టమైన మాట లేకుండా వకీలు మీ హక్కు వదులుకోకూడదు, రాజీకి తలూపకూడదు. 2015లో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది.

ఫీజు మొదటే మాట్లాడుకోండి, ఇచ్చినదానికి రశీదు అడగండి. మొహమాటం వద్దు. యాక్సిడెంటు కేసుల్లో వచ్చే పరిహారంలో ఇంత శాతం అని బేరం పెడతారు చూడండి, అది వకీళ్ల నడవడిని చూసే బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. భూమి కేసు గెలిచాక అందులో వాటా అన్నా అంతే.

వకీలును మార్చుకోవడం మీ ఇష్టం. "ఫీజు బాకీ తీరిస్తేనే కేసు కాగితాల కట్ట ఇస్తాను" అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. బాకీ ఉంటే వకీలు వేరే దారిలో వసూలు చేసుకోవాలి. అయితే బాకీ ఎగ్గొట్టడానికే వకీలును మార్చేవాళ్లనూ నేను చూశాను. అది ధర్మం కాదు.

డాక్టరు దగ్గర, వకీలు దగ్గర దాచొద్దంటారు. పాత అగ్రిమెంటు మీద సంతకం మీదే అయితే నాకు ముందే చెప్పండి. అవతలి వకీలు క్రాస్‌లో, అంటే మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, బయటపెడితే నేను చేసేదేమీ ఉండదు. మీరు చెప్పింది బయటపెట్టకుండా నన్ను చట్టమే కట్టేసింది, 2023 నాటి కొత్త సాక్ష్య చట్టం 132వ సెక్షను. కానీ దొంగ కాగితం పుట్టించడానికి సలహా అడిగితే ఆ రక్షణ ఉండదు. ఇంకొకటి, పదిన్నరకు కోర్టు పిలుస్తుంటే పదింపావుకు కాగితాలు తేవొద్దు. ఫోన్ నంబరు మారితే గుమస్తాకైనా చెప్పండి.

వకీలు మోసం చేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి 2024 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మూసుకుపోయింది. 1961 అడ్వకేట్ల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాంతో వకీలుకు శిక్ష పడొచ్చు గానీ పోయిన పొలం రాదు. అందుకే ముందునుంచీ కన్నేసి ఉంచమంటున్నాను. వకీలును పెట్టుకునే స్తోమత లేదనుకునే ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అడగొచ్చు. 15100కు ఫోన్ చేయండి.

ఆ పెద్దావిడ సంగతా? ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశాం, ఇంకా నడుస్తోంది. ఆ బట్టల కొట్టు కవరు మీద ఇప్పుడు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ కోర్టు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, రాసి ఉంది. వాయిదా ముందురోజు మనవడు ఫోన్లో చూసి, రేపు ఎన్నో నంబరుగా పిలుస్తారో నాకే చెబుతున్నాడు. మీలో ఎవరైనా కాగితాలు తెచ్చుకుని ఉంటే ఇటు రండి, టీ వచ్చేలోగా చూద్దాం.