పై అంతస్తులో అమ్మ

వ్యాఖ్యాత: నమస్తే. మా అమ్మ విశాఖ అరిలోవలో, పై అంతస్తులో ఉంటుంది. మే నెలలో రాత్రి పదకొండింటికి ఫ్యాన్ వేసినా వేడిగాలే దిగుతుంది. డెబ్బై దాటిన మనిషి, సాయంత్రమయ్యేసరికి బకెట్లు మోసుకెళ్లి మేడ మీద నీళ్లు పోస్తుంది. ఇంజినీరు గారూ, తక్కువ ఖర్చు ఇల్లంటే ఇంతేనా?

ఇంజినీరు: కాదండీ. పగలంతా స్లాబు ఎండ తాగుతుంది, రాత్రికి ఆ వేడి గదిలోకి దిగుతుంది. వేసవికి ముందు తెల్లసున్నం రెండు పూతలు వేయిస్తే ఎండ చాలావరకు పైనుంచే తిరిగిపోతుంది. కొత్తగా కట్టేవాళ్లయితే విరిగిన తెల్ల టైల్సు ముక్కలు పరిపించుకోవచ్చు.

వ్యాఖ్యాత: కూలర్ కొనిచ్చానండీ. ఏం లాభం లేకపోయింది.

ఇంజినీరు: మన విశాఖ గాలిలోనే బోలెడు తేమ, కూలర్ ఇంకా తేమ చేరుస్తుంది. ఉక్కపోతకి మందు గాలి ఆడటమే. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలుండాలి, వాటి మీద సన్‌షేడ్ ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు కదా, గాలాడే ఇంటి విలువ అప్పుడు తెలిసింది. ఇదంతా ప్లాను గీసే రోజే తేలిపోవాలి. గోడ లేచాక కిటికీ పెట్టించాలంటే పేదవాళ్ల వల్ల కాదు.

వ్యాఖ్యాత: గోడల సంగతి?

ఇంజినీరు: పరవాడ సింహాద్రి కరెంటు ప్లాంటులో బొగ్గు కాల్చిన బూడిద పక్కనే ఉంది, ఆ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలకి కొదవ లేదు. తక్కువ ఖర్చు ఇళ్లకి పేరుపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో వాడిన ర్యాట్‌ట్రాప్ పద్ధతిలో ఇటుకని నిలబెట్టి, మధ్యలో బోలు వదిలి కడితే సుమారు పావు వంతు ఇటుకలు మిగులుతాయి. ఆ బోలు వేడినీ ఆపుతుంది. మేస్త్రికి మాత్రం ముందు నేర్పాలి.

వ్యాఖ్యాత: భర్త లేని ఆడవాళ్లకి ఇల్లు ఎలా ఉండాలి?

ఇంజినీరు: ప్రభుత్వం పట్టణ పేదలకి కట్టించిన టిడ్కో ఇళ్లలో మూడో అంతస్తు దాకా మెట్లెక్కాల్సిందే. పెద్దవాళ్లకి కింది ఇల్లు ఇవ్వాలి, వాళ్ల పక్క గుమ్మం ఒంటరి తల్లికి. ఇద్దరి మధ్యా ఒక అరుగు. దువ్వాడ సెజ్ ఫ్యాక్టరీల్లో తల్లి డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది, పిల్లాడు నాలుగింటికే బడి నుంచి వచ్చేస్తాడు. ఆ అరుగు మీద ఒక మామ్మ కూర్చుని ఉంటే తల్లి మనసు కుదుటపడుతుంది. ఈ అరుగుని ఏ ప్లానులోనూ గీయరు, నాకు అదే బాధ.

వ్యాఖ్యాత: మా అమ్మకి ఇప్పటికిప్పుడు ఏం చేయమంటారు?

ఇంజినీరు: దక్షిణం వైపు కిటికీ ఉందా?

వ్యాఖ్యాత: ఉంది. బీరువా అడ్డం పెట్టేసింది.

ఇంజినీరు: ఈ ఆదివారం వెళ్లి ముందు ఆ బీరువా జరపండి. సున్నం తర్వాత చూద్దాం.